ఆడి నెలలో తెరుచుకున్న సైటు

‘నీకు తెలిసే ఉంటాదనుకొన్నా’ అని ఇంకొక్కరు అన్నారంటే ఒళ్ళో ఉన్న ఈ టిఫిన్ క్యారియరు ఎత్తి వాళ్ళ నెత్తిన వెయ్యాలి అనుకుంది భార్గవి. ఎవరి నెత్తిన ముందు వెయ్యాలన్నదే తేలడం లేదు. మొగుడు చంద్రు నెత్తినా, మామగారు గోవిందస్వామి నెత్తినా, ఆఫీసులో పెద్ద కుర్చీలో కూర్చునే తణికాచలం మామ నెత్తినా. క్యారియరులో గిన్నెలు మూడున్నాయి, తలా ఒకటి వెయ్యొచ్చు. తిరుత్తణిలో ఎక్కిన లోకల్ రైలు అరక్కోణం దాకా బుద్ధిగానే వచ్చింది, తిరువాలంగాడు కూడా దాటింది, కడంబత్తూరు ఇంకా రాకముందే పొలాల మధ్య ఉసూరుమంటూ నిలబడిపోయింది. ఎందుకు నిలబడిందో ఎవరూ చెప్పరు. రైలు నడిపేవాళ్ళూ ఆ జాతే కాబోలు, జనానికి తెలిసే ఉంటుందనుకుంటారు. ఆడవాళ్ళ పెట్టె నిండా నిన్న ఆదివారం తిరుత్తణి మురుగన్ కొండకు వచ్చి రాత్రి అక్కడే పడుకుని తిరిగిపోతున్న మనుషులు, పసుపు చీరలు, గుండ్లకు పూసిన చందనం, విభూతి పొట్లాలు కుక్కిన సంచులు. ఎవరిదో మోచెయ్యి డొక్కలో పొడుచుకుంటోంది. పొడుచుకోనీ. ఆడి నెల ఇది, మన ఆషాఢం లాంటిది, కొండ చుట్టుపక్కల ఎవరి డొక్కకూ భద్రం ఉండదు. పాడు ఆడి నెల, ఈ నెలకేం, దాని పాటికది ఏటా వస్తుంది పోతుంది, దాన్ని తిట్టడం దేనికి, మనుషులు లేరా తిట్టడానికి.

పదింటికి పట్టాభిరామ్‌లో, మోటారు పంపులు చేసే ఆ కంపెనీలో, ముదలాళి గదిలో మీటింగు. కంపెనీ యజమానిని అక్కడ అందరూ ముదలాళి అనే అంటారు, పేరు పెట్టి అనేంత ధైర్యం గోడలకు కూడా లేదు. ఆ గదిలో తను నిలబడి ఒక్క మాట అనాలి. ‘వైష్ణవి నన్ను అడక్కుండా కొత్త వెబ్‌సైటు తెరిచేసింది సార్’ అనాలి. అంతే. తన కింద పనిచేసే వైష్ణవి ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది కాబట్టి సాయంత్రానికి మింజూరు రైలెక్కి ఇంటికి పోతుంది, రేపటినుంచి రానక్కర్లేదు, సంగతి సద్దుమణుగుతుంది. ఈ ఆజ్ఞ పొద్దున తను జడ వేసుకుంటుంటే వచ్చింది. తణికాచలం మామ ఫోను చేసింది తనకు కాదు, మామగారికి. ఆయన చెవి దగ్గర ఫోను పెట్టుకుని, సరే తణికా, అట్లే తణికా, అని తలూపి, వంటింటి గడప దగ్గర నిలబడి, అద్దంలో కనిపించే కోడలి మొహం కూడా చూడకుండా గోడ క్యాలెండరుకేసి చూస్తూ చెప్పాడు. “ఏమ్మా, ఆ మింజూరు పిల్ల తొందరపడి చేసిందని చెప్పెయ్యమన్నాడు మీ మామ. మన కుటుంబం మీదికి రాకూడదంట. ఆ పిల్లకేం, యాడైనా ఇంకో వేల దొరుకుతాది.” వేల అంటే ఉద్యోగం. వేల దొరుకుతుందట. ఈసారి మాట ఎంత వేగంగా వచ్చి చేరిందో చూడు. ఎక్కడా ఆగలేదు, ఎవరి నోట్లోనూ నిద్రపోలేదు, నేరుగా వచ్చి జడలో దిగింది. ఒకరి కడుపు కొట్టే మాటయితే ఇంత చురుగ్గా నడుస్తుంది. పని సాగే మాటయితే మాత్రం నడవదు.

ఆ పని సాగే మాట వచ్చింది ఆడికృత్తిక నాడు. కె.జి. కండిగైలో మామగారి పాత ఇంట్లో కావడి మొక్కు, బంధువులందరికీ భోజనం. తను పొద్దున్నుంచీ పొయ్యి దగ్గరే, పప్పు, గుమ్మడికాయ పులుసు, వడలు, పాయసం, పొగకు కళ్ళు ఎర్రబడి. తణికాచలం మామ అరుగు మీద మామగారి పక్కన కూర్చుని తిన్నాడు. మామగారికి పినతండ్రి కొడుకు, తమ్ముడి వరస, కంపెనీలో తన పైవాడు. తనే వడ్డించింది. ఆకు ముందు వంగి నెయ్యి వేసింది. అప్పుడు ఆయన తనతో అన్న మాట, “ఇంకొంచెం పాయసం వెయ్యమ్మా” అని. అది మాత్రం నేరుగా తనతోనే అన్నాడు, పాయసానికి మధ్యవర్తి అక్కర్లేదు కదా. తను గిన్నె తీసుకుని లోపలికి తిరగ్గానే, తన వీపు ఇంకా గడప దాటకముందే, మామగారితో అన్నాడట. ముదలాళి తల్లిగారు ఆడి నెలలో కొత్తదేదీ తెరవకూడదన్నారు, ఆ వెబ్‌సైటు ఆడి పోయి ఆవణి నెల పుట్టినాక తెరుద్దాం అన్నారు, కోడలికి ఒక మాట చెప్పన్నా, అని. మూడడుగుల దూరంలో తను ఉంది, చేతిలో పాయసం గరిటెతో. మీ చిన్నాయన నాతో ఎందుకు చెప్పలేదయ్యా అంటే, నిన్న ఆ సంగతి బయటపడ్డప్పుడు చంద్రు చిన్నాయనను వెనకేసుకొచ్చాడు, ఇంట్లో పెద్దాయన ఎదురుగా ఉండగా ఆయన్ని దాటి కోడలితో మాట్లాడితే మర్యాద కాదు గదా భార్గవి, అని. మర్యాద! మరుసటిరోజు ఆఫీసుకైనా రాలేదు ఆ మర్యాదస్తుడు, కావడి ముగిసింది కాళ్ళు నొప్పులు అని సెలవు పెట్టాడు. ఆ మర్యాద తిని అరిగించుకోవడానికి సెలవు.

అరుగు మీది మాట మామగారి దగ్గర ఒక పూట ఉంది. ఆఫీసు సంగతి ఆఫీసులో వాడే చెప్పుకుంటాడులే అని ఆయన అనుకున్నాడు, అయినా ఎందుకైనా మంచిదని చంద్రు చెవిన వేశాడు. చంద్రు చెవిలో పడ్డ మాట గతి అందరికీ తెలిసిందే, బావిలో పడ్డ బిందె కంటే కష్టం. నిన్న రాత్రి అన్నంలో పెరుగు కలుపుకుంటూ తాపీగా అన్నాడు, “చిన్నాయన నీకు చెప్పే ఉంటాడనుకొన్నా.” ఆ పెరుగన్నం అలాగే నోట్లో కుక్కాలనిపించింది. చంద్రు చెడ్డవాడు కాదు, ఆ మాట తన తల్లితో కూడా ఒప్పుకుంటుంది, చెడ్డవాడైతే ఇంత కోపం రాదు, ఛీ పొమ్మని ఊరుకునేది. మంచివాళ్ళు ముగ్గురు చేరి ఒక పిల్ల ఉద్యోగం ఊడగొట్టబోతున్నారు. ఇక డిజైను చూసే మోహిత్ సంగతి, వాడూ మన తెలుగు పిల్లాడే, నిన్న ఫోను చేస్తే ఏమన్నాడు? “అక్కా, నాకు తెలుసక్కా, లీవు పెట్టేదానికి ముందు మామ టీ అంగడి కాడ అన్నాడు, ఆడి పోనీలేరా అని. నీకు తెలిసే ఉంటాదనుకొన్నా.” టీ అంగడికి తెలుసు. టీ అంగడిలో గ్లాసులు కడిగేవాడికి కూడా తెలిసే ఉంటుంది. తెలియనిది ఇద్దరికే, సైటు తెరవమని చెప్పాల్సిన తనకు, తెరవాల్సిన వైష్ణవికి.

రైలు ఒక్కసారి కదిలి మళ్ళీ ఆగింది. పెట్టెలో ఎవరో నిట్టూర్చారు, ఎవరో మురుగా అన్నారు. కిటికీ పక్క ముసలమ్మ పొలంలో నీళ్ళు తోడుతున్న మోటారు పంపు వైపు చూస్తోంది. అది తమ కంపెనీ పంపే, నీలంరంగు, పక్కన బొడిపె. ఆ బొడిపె కింద ఒక రేకు, రేకు మీద నంబరు. ఆ నంబరు సైటులో కొడితే దగ్గర్లో ఉన్న మెకానిక్ ఎవరో, విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయో చూపించాలి, ఇదీ పని. వినడానికి ఇంతే. కానీ ఈ ఇంతకోసం ఎన్ని నెలలు ఎన్ని బల్లల చుట్టూ తిరిగింది. సర్వీసు చూసే సుబ్బన్నకు మెయిలు పంపితే తెరవడు, ఎదురుగా వెళ్ళి కూర్చోవాలి, ముందు మోకాళ్ళ నొప్పి సంగతి అడగాలి, అప్పుడు గానీ మెకానిక్‌ల పేర్లు బయటికి రావు. స్టోర్సు వాళ్ళకు ఫోనే చెయ్యాలి, రాసి పంపితే తప్పు పట్టడానికి పంపారనుకుంటారు. అకౌంట్సు వాళ్ళకు రాసే పంపాలి, నోటితో అడిగితే సరే అంటారు గానీ చెయ్యరు. మోహిత్‌కు మాటలు ఎక్కవు, బొమ్మ గీసి చూపించాలి. ఎవరి తలుపు ఏ వైపు తెరుచుకుంటుందో కనుక్కుని ఆ వైపునుంచే వెళ్ళింది. వెబ్ పని అంటే కంప్యూటర్ల పని అనుకుని వచ్చింది తను, వచ్చాక తెలిసింది అది మనుషుల పని అని, ఒకరి నోట్లో ఉన్నది ఇంకొకరి చేతిలోకి చెడకుండా చేర్చడం అని. అందుకే రోజూ పొద్దున అందరం మంచినీళ్ళ క్యాన్ దగ్గర కాసేపు నిలబడదాం అని పెట్టింది. నిన్న ఏం చేశాం, ఇవాళ ఏం చేస్తాం, ఎక్కడ ఆగింది, ముగ్గురూ నలుగురూ వినేటట్టు చెప్పుకుని పోవడం. తణికాచలం మామ ఒక్కరోజు కూడా ఆ క్యాన్ దగ్గరికి రాలేదు. తన గది తలుపు సందులోంచి చూసి నవ్వేవాడు. “ఏంది, నీళ్ళ కాడ పంచాయితీ ముగిసిందా?” అనేవాడు. నవ్వేది తను కూడా. మామ కదా.

శుక్రవారం సైటు తెరిచారు. అనుకున్న రోజు, అనుకున్న గంట, నెల ముందే మామ కూడా తలూపిన రోజు. ఆ కంపెనీ పుట్టాక ఒక పని అనుకున్న రోజున అయిందంటే అదే మొదలు. ‘ఇక తెరువు’ అని తనే చెప్పింది, నోటితో చెప్పింది, గ్రూపులో రాసింది కూడా, వైష్ణవి పక్కన నిలబడి ఆమె భుజం మీద చెయ్యి వేసి. వైష్ణవి అన్నీ మళ్ళీ ఒకసారి చూసుకుని నొక్కింది. పేజీ విచ్చుకుంది. ఎక్కడా ఒక్క తప్పు లేదు. ఒక్క బొమ్మ వంకర లేదు, ఒక్క నంబరు తారుమారు కాలేదు. ఇద్దరూ కింద బేకరీలో తేనె కేకు తిన్నారు. ఊత్తుకోట డీలరు ఎలుమలై మధ్యాహ్నమే ఎవరో రైతుకు ఆ సైటులో చూసి మెకానిక్‌ను పంపించాడట, ఆ సంబరంలో నేరుగా ముదలాళికే ఫోను చేశాడు, బ్రహ్మాండంగా ఉంది సార్ కొత్త సైటు, ఇప్పటికి చేశారు మంచి పని, అని. ఆ పొగడ్తే కొంప ముంచింది. ఆడి నెలలో, తల్లి వద్దన్నాక, తెరిచారా? ఎవరు తెరిచారు? అని ముదలాళి మండిపడ్డాడట. తప్పు జరిగితే తిడతారని విన్నది, తప్పు లేకుండా జరిగినందుకు తిట్టడం తను ఎక్కడా వినలేదు. ముదలాళి తల్లి నమ్మకం ఆమెది, అందులో తనకేం పేచీ లేదు, తన పుట్టింట్లోనూ ఆడిలో కొత్త పొయ్యి కూడా పెట్టరు. ఒక్క మాట చెబితే చాలు, ఆవణి దాకా ఆ సైటును మూత పెట్టి ఉంచేవాళ్ళు, దానికి అన్నం పెట్టాలా నీళ్ళు పొయ్యాలా. ఒక్క మాట. ఆ ఒక్క మాట చెప్పాల్సినవాడు ముదలాళి ఎదుట నిలబడి ‘ఆ మింజూరు అమ్మాయి తొందరపడింది సార్’ అన్నాడు. ఏ నోటితో అన్నాడు, ఆ పాయసం తిన్న నోటితోనేనా.

అయినా తనకిది కొత్తా? తన పెళ్ళి ఎప్పుడో తనకు చెప్పింది పూలమ్మే కన్నియమ్మ. కాలేజీ నుంచి వస్తుంటే తిరుత్తణి బస్టాండు దగ్గర మూర మల్లెపూలు తుంచి ఇస్తూ, “ఏమ్మా, ఆవణిలోనంట గదా కల్యాణం, పూలు నా కాడే తీసుకోమను మీ నాయన్ని” అంది. తను బిక్కమొహం వేసుకుని ఇంటికొస్తే అమ్మ అప్పుడే ముహూర్తం కాగితానికి పసుపు పెడుతోంది. నాకు చెప్పరా అంటే, నాన్న ఎంత ఆశ్చర్యపోయాడు! ఎవరో ఒకరు చెప్పే ఉంటారనుకున్నామే, ఇంట్లోనే కదా ఉన్నావు, అని. ఇంట్లోనే ఉండటం, అదే తప్పు. ఇంట్లో ఉన్నదానికి ఎవరూ చెప్పరు, గోడలోంచి ఇంకి వచ్చి తెలుస్తుందనుకుంటారు. ఆ రోజు ఏడ్చి ఊరుకుంది. ఏడ్చి ఊరుకున్నందుకు ఇప్పుడు కోపంగా ఉంది, ఆ పూలమూర కన్నియమ్మ మొహాన కాకపోయినా నాన్న చేతిలో పెట్టి, నువ్వే చేసుకో ఈ పెళ్ళి అనాల్సింది. చంద్రు దొరికాడు గనక సరిపోయింది, లేకపోతే. అదీ ఒక వాదనేనా, సరిపోయింది గనక సరిపోయింది అనుకోవడం.

ఫోను కుయ్‌మంది. వైష్ణవి. తమిళంలో, చిన్న అక్షరాల్లో. ‘అక్కా, బయల్దేరారా? మీటింగ్‌కి నేను లాప్‌టాప్ తేవాలా? ముదలాళికి సైటు చూపించమంటారా?’ పిచ్చి పిల్ల. మెచ్చుకోవడానికి పిలిచారనుకుంటోంది. కొత్త చుడీదారు వేసుకుని ఉంటుంది కూడా. మింజూరులో తెల్లారకముందే లేచి, ఒక రైలెక్కి దిగి ఇంకో రైలెక్కి వస్తుంది, ముఖం మీద ఎప్పుడూ సగం నిద్ర, సగం పట్టుదల. ఏ పని చెప్పినా, “ఎవరు చెప్పారక్కా?” అంటుంది. మొదట్లో ఒళ్ళు మండేది. ఎవరు చెబితే ఏంటే, చెయ్యి, అనేది. ఆ పిల్లకు తెలుగు రాదు. తెలుగు ఆమె తల మీదుగా పోతుంటుంది. తను, మోహిత్, మామ, ముగ్గురూ ఆమె కుర్చీ చుట్టూ నిలబడి తెలుగులో మాట్లాడుకుంటుంటే ఆ పిల్ల ఒక నోటినుంచి ఇంకో నోటికి తల తిప్పుతూ ఉండేది, చివర్లో “ఎన్నక్కా?” ఏంటక్కా అని అడిగేది. తను “ఒన్నుమిల్ల” అనేది. ఏం లేదు అని. ఒక్కోసారి అది ఆ పిల్ల రాసిన పేజీ గురించే అయ్యుండేది. ఏం లేదు. ఇప్పుడు తణికాచలం మామ తన వెనక చేసింది అదే కదా, తన వీపు తిరగ్గానే, ఏం లేదు అని. ఛీ. మనవాళ్ళు మనవాళ్ళు అనుకుంటూ ఒక గుడ్డ పరుచుకుని కూర్చున్నాం, ఆ గుడ్డ మీద చోటు లేనివాళ్ళు నేల మీద కూర్చోవాలి, ఆఖరికి నేలను కూడా లాగేస్తున్నాం. కోపం ఇప్పుడు కొంచెం తన వైపు కూడా తిరిగింది, తిరగనీ, అందరితో పాటు తనకూ ఒక గిన్నె.

చెబితే ఏమవుతుంది? ముదలాళి ముందు నిలబడి, వైష్ణవికి తెరవమని చెప్పింది నేను, నాకు వద్దని చెప్పాల్సింది తణికాచలం సారు, ఆయన చెప్పలేదు, అంటే? మామ ఉద్యోగం ఊడదు, ముదలాళికి ఆయన కుడిచెయ్యి. ఊడితే తనది ఊడుతుంది. ఊడకపోయినా ఇల్లు ఉంటుంది కదా ఊడటానికి. సాయంత్రం మామగారు మాట్లాడడు, అత్త గిన్నెలు చప్పుడు చేస్తుంది, బంధువుల పెళ్ళిళ్ళలో ‘ఆఫీసులో సొంత మామను పట్టిచ్చిన కోడలు’ అని పేరు. చంద్రు ఇటు చూసి అటు చూసి పెరుగు కలుపుకుంటాడు. ఈ ఉద్యోగం ఇప్పించింది మామే, ఆ మాట ఎవరూ మర్చిపోరు, తననూ మర్చిపోనివ్వరు. సరే, చెప్పకపోతే? వైష్ణవి పోతుంది. ఇంకోచోటికి పోతే అడుగుతారు, ప్రొబేషన్‌లోనే ఎందుకు తీసేశారమ్మా అని. అడక్కుండా చేసిందని రాసిస్తారు. అడక్కుండా! ఎవరు చెప్పారక్కా అని ప్రతిదానికీ ప్రాణం తీసే పిల్ల, అడక్కుండా చేసిందట. ఆ అబద్ధం తన నోటితోనే రావాలట, వేరే నోరు దొరకలేదు. తను రేపు మళ్ళీ నీళ్ళ క్యాన్ దగ్గర నిలబడి, అందరం అన్నీ చెప్పుకుందాం అని ఏ మొహంతో అంటుంది? కొత్తగా ఇంకో పిల్లను తెస్తారు, ఆ పిల్ల కూడా ఎవరు చెప్పారక్కా అంటుంది, అప్పుడు మళ్ళీ ఒన్నుమిల్ల. క్యారియరును ఇంకా దగ్గరికి లాక్కుంది. పక్కావిడ, “కొంచెం జరగమ్మా” అని తమిళంలో అంది. జరగను అనాలనిపించింది. జరిగింది.

అప్పుడు మోగింది ఫోను. తెర మీద మామ పేరు. మామగారికి కాదు, చంద్రుకు కాదు, తనకే. అవసరం పడేసరికి మర్యాద అడ్డం రాలేదన్నమాట.

“అమ్మా భార్గవి, యాడుండావు?”

“రైల్లో మామా. కడంబత్తూరు ఇవతల నిలబడి ఉండాది.”

“సరి సరి, మెల్లగా రా. అన్న చెప్పినాడు గదా పొద్దున. నువ్వేం దిగులుపడొద్దు. ‘నాకు తెలీకుండా ఆ పిల్లే తెరిచేసింది’ అని ఒక్క మాట అను, సాలు, మిగతాది నేను చూసుకొంటా. నీకు ఇంక్రిమెంటు కూడా మాట్లాడి పెట్టినా. మనం మనం ఒకటి. ఆ పిల్లకు మాత్రం ముందే ఏమీ చెప్పొద్దు, ఏడ్చి గలాటా చేస్తాది.”

ఎంత మెత్తగా అన్నాడు. పాయసం అడిగిన గొంతే, అదే తియ్యదనం. భార్గవి ఇన్నాళ్ళూ మామ అని నవ్విన ప్రతి నవ్వూ ఒక్కసారి వెనక్కి వచ్చి పళ్ళ మధ్య నిలబడింది. ఆ పిల్లకు చెప్పొద్దట. అందరికీ చెప్పి, టీ అంగడికి చెప్పి, గడపకు చెప్పి, ఎవరి మెడ కోస్తున్నామో ఆమెకు మాత్రం చెప్పొద్దట. “ఒక్క నిమిషం ఉండండి మామా” అంది. గోల ఎక్కువగా ఉండి పక్కకు పోతోందనుకున్నాడేమో, ఊఁ అన్నాడు. ఆయన్ను ఆపి పెట్టి వైష్ణవికి కలిపింది. రెండు గొంతుల్నీ ఒక్క లైన్లో కలిపింది.

“వణక్కం అక్కా, చెప్పండి” అంది వైష్ణవి.

“వైష్ణవీ, తణికాచలం సార్ కూడా లైన్లో ఉన్నారు” అని తమిళంలో అంది భార్గవి. “సార్, నాతో ఇప్పుడు చెప్పారే, అది వైష్ణవికి కూడా చెప్పండి. తమిళంలో చెప్పండి. ఆమెకు తెలుగు రాదు.”

అవతల ఆయనింట్లో కుక్కరు కూత వినిపించింది. పెళ్ళయినప్పటినుంచీ ఆయన్ను సార్ అనడం ఇదే మొదలు, ఆ మాట నోట్లో కొత్త చెప్పులా కరిచింది.

“ఏంది భార్గవి ఇది?” అన్నాడు తెలుగులోనే, గొంతు తగ్గించి. “మన ఇంటి మాటలు వాళ్ళ ముందరా?”

“ఇది ఇంటి మాట కాదు సార్, ఆమె ఉద్యోగం మాట.” ఆయన చెప్పడని తెలిసిపోయింది. చెప్పలేడు. ఇంకొకరి నోటితో చెప్పించడమే అలవాటైనవాడికి తన నోరు ఎక్కడుందో తెలియదు. అయితే తనే చెబుతుంది. చెప్పింది. తమిళంలో, పెట్టెలో ఉన్న పసుపు చీరలన్నీ తిరిగి చూస్తుండగా, ఏదీ దాచకుండా చెప్పింది. ముదలాళి తల్లి ఆడి నెలలో తెరవొద్దన్న సంగతి, అది అరుగు మీద మామగారికి చెప్పిన సంగతి, అక్కడినుంచి మొగుడి దగ్గరికి వచ్చి ఆగిపోయిన సంగతి, మోహిత్‌కు టీ అంగడిలో తెలిసిన సంగతి, నేరం నీ మీద పెట్టమని పొద్దున వచ్చిన సంగతి, ఇప్పుడు మళ్ళీ వచ్చిన సంగతి, నీకు చెప్పొద్దన్న సంగతి. తెరవమని నీకు చెప్పింది నేను, గ్రూపులో ఉంది, అని కూడా చెప్పింది. మధ్యలో ఆయన రెండుసార్లు భార్గవీ అన్నాడు. ఆగలేదు. పక్కన ముసలమ్మ పంపు వైపు చూడటం మానేసి తన నోటికేసే చూస్తోంది. చూడనీ, వినాల్సినవాళ్ళు ఎంతమంది వింటే అంత మంచిది.

వైష్ణవి ఏడవలేదు, గలాటా చెయ్యలేదు. ఎప్పుడూ అడిగినట్టే అడిగింది, నేరుగా. “సార్, నన్ను పొమ్మంటున్నారా?”

అవతల కుక్కరు మళ్ళీ కూసింది.

“పదింటికి ముదలాళి ముందర ఇదంతా మళ్ళీ చెప్తాను” అంది భార్గవి. “కాదంటే అక్కడే కాదనండి సార్. వైష్ణవి ఉంటుంది, నేను ఉంటాను, ఇద్దరి ముందరా కాదనండి.”

ఇక ఆయన గొంతు పెరిగింది. సారుగిరీ ఎక్కడో జారిపోయి అసలు మనిషి బయటికొచ్చాడు. “అంత పెద్దదానివి అయిపోయినావా నువ్వు? సాయంత్రం మళ్ళీ ఆ ఇంటికే గదా రావాల. ఉండు, ఇప్పుడే అన్నకు ఫోన్ చేసి చెప్తా నీ సంగతి.”

“చెప్పండి మామా” అంది భార్గవి తెలుగులోనే, గొంతు ఏమాత్రం తగ్గించకుండా. “ఈసారి నన్ను కూడా లైన్లో పెట్టుకొని చెప్పండి.”